సూత్రం నోటికి వచ్చింది, సంధి చేతికి రావడం లేదు

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి తెలుగు చెబుతున్నాను. తరగతిలో 46 మంది. సంధి సూత్రాలు గడగడా అప్పజెబుతారు కానీ పుస్తకంలో లేని పదం ఇస్తే విడదీయలేరు. పద్యాలదీ అదే పరిస్థితి. గణవిభజన అనగానే పక్కవాళ్ల నోటుబుక్కులోకి చూస్తారు. కృత్యాలు చేయిద్దామని సంధుల చక్రం తిప్పించాను, పాములు–నిచ్చెనలు ఆడించాను. పిల్లలు సంతోషంగా ఆడారు, యూనిట్ పరీక్షలో మాత్రం ఏ మార్పూ లేదు. పెద్దగా డబ్బు పెట్టే వీలు లేదు, పీరియడు 45 నిమిషాలు. వ్యాకరణానికీ సాహిత్యానికీ నిజంగా పనికొచ్చే కృత్యాలు చెప్పగలరా? — ఒక తెలుగు ఉపాధ్యాయిని

సమాధానం:

టీచరుగారూ, పాములు–నిచ్చెనల్లో పిల్లల చెయ్యి చేసిన పనేమిటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పాచిక వేసింది, కాయ జరిపింది. సంధి ప్రశ్న దారిలో టోల్‌గేటులా అడ్డం నిలబడింది. జవాబు తెలిసిన పిల్ల దాటిపోయింది, తెలియని పిల్ల అక్కడే ఆగింది. సంధుల బదులు ఎక్కాలు పెట్టినా ఆ ఆట అలాగే సాగుతుంది. అందుకే పిల్లలకు ఆట వచ్చింది, సంధి రాలేదు.

ఏ కృత్యాన్ని ఎంచుకున్నా ఒక్క సంగతి చూసుకోండి: చెయ్యి చేసే పనీ వ్యాకరణం చేసే పనీ ఒకటేనా? సంధిలో అచ్చు పోతే చేతిలోంచి ముక్క పోవాలి. గురువు లఘువుకు రెట్టింపు కాలం పలికితే గురువు ముక్క రెట్టింపు పొడవు ఉండాలి. కింద చెప్పేవన్నీ అలా కుదిర్చినవే. 46 మందిని ఎనిమిది జట్లు చేయండి: ఆరు జట్లలో ఆరుగురు చొప్పున, రెండింటిలో అయిదుగురు చొప్పున. అంతకంటే పెద్ద జట్టయితే ఇద్దరు పని చేస్తారు, మిగిలినవాళ్లు చూస్తూ కూర్చుంటారు.

సంధికి అచ్చుల కొట్టు

ముప్ఫై నలభై పాత పెళ్లి శుభలేఖలు పోగు చేయండి. వెనకవైపు ఖాళీగా ఉంటాయి, అట్ట మందంగా ఉంటుంది, ఫ్యాను గాలికి లేవవు. 5 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు ముక్కలు కోస్తే ఒక్కో శుభలేఖకు ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. మొదటి విడతకు ఆరు పదాలు చాలు: దేవ + ఆలయం, గణ + ఈశుడు, మహా + ఉత్సవం, పేరు + ఏమిటి, మా + అమ్మ, కూర + కాయలు. ముక్క మీద ఒక్కో అక్షరం రాయండి. అయితే సంధి జరిగే చోట మాత్రం హల్లునూ అచ్చునూ విడగొట్టి రాయాలి. ‘దేవ’ అంటే దే, వ్, అ అని మూడు ముక్కలు. ‘పేరు’ అంటే పే, ర్, ఉ. ‘మా’ అంటే మ్, ఆ. ‘కూర’ను విడగొట్టక్కర్లేదు, అక్కడ మారేది ‘కా’ ఒక్కటే. దాని వెనక ‘గా’ అని రాయండి. మొత్తం జట్టుకు 33 ముక్కలు అవుతాయి. వీటికి తోడు ఆ, ఏ, ఓ, య్ ముక్కలు ఎనిమిదేసి చేసి, ఒక బల్ల మీద ‘అచ్చుల కొట్టు’ పెట్టండి.

ఇక చేతి పనులు నాలుగే. మొదటిది మార్పిడి. దేవ + ఆలయంలో అ, ఆ రెండు ముక్కలూ కొట్టుకు తీసుకెళ్లి ఇచ్చి, ఒక్క ‘ఆ’ తెచ్చుకుంటారు. గణ + ఈశుడులో అ, ఈ ఇచ్చి ‘ఏ’ తెచ్చుకుంటారు. మహా + ఉత్సవంలో ఆ, ఉ ఇచ్చి ‘ఓ’ తెచ్చుకుంటారు. రెండోది పారేయడం. పేరు + ఏమిటిలో ‘ఉ’ ముక్కను బుట్టలో వేస్తే ర్ పక్కకు ఏ వచ్చి ‘పేరేమిటి’ అవుతుంది. కొట్టుకు వెళ్లే పని లేదు. మూడోది చేర్చడం. మా + అమ్మలో ఏ ముక్కా పోదు, కొట్టు నుంచి ‘య్’ ఒకటి కొత్తగా వచ్చి మధ్యలో కూర్చుంటుంది: మాయమ్మ. నాలుగోది తిప్పడం. ‘కా’ ముక్కను తిరగేస్తే ‘గా’: కూరగాయలు.

నాలుగు పనులూ చేశాక, మూడో పీరియడులోనే పేర్లు చెప్పండి. అప్పటికి సవర్ణదీర్ఘం, గుణం, ఉత్వం, యడాగమం, గసడదవాదేశం అన్నవి తాము చేసిన పనులకు పెట్టిన పేర్లుగా వినిపిస్తాయి. ఆగమం మిత్రుడిలా వచ్చి చేరుతుంది, ఆదేశం శత్రువులా ఒకరిని తోసేసి ఆ చోట కూర్చుంటుంది అని వైయాకరణులు చెప్పే మాట అప్పుడు చెబితే ఇట్టే అందుతుంది. ఒక చిన్న జాగ్రత్త: ‘బాలవ్యాకరణం’ రాసిన చిన్నయసూరి నిర్వచనంలో తెలుగు సంధి కూడా పూర్వ పర స్వరాలకు పరస్వరం ఏకాదేశం కావడమే, అంటే రెండు అచ్చుల చోట వెనక అచ్చు ఒక్కటే రావడం. బల్ల మీద కనిపించేది ముందు అచ్చు పోవడం, వెనక అచ్చు మిగలడం. ఏడో తరగతిలో ఈ రెండూ ఒకటేనని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి.

కొట్టు ఎవరికి అప్పజెప్పాలన్నది చాలా ముఖ్యం. బాగా చదివే పిల్లకు ఇవ్వాలనిపిస్తుంది, కానీ వెనకబడిన పిల్లకే ఇవ్వండి. ఆ పిల్ల చేతిలో మార్పిడి చీటీ ఉంటుంది: అ, ఆలకు అ, ఆలు కలిస్తే ఆ; ఇ, ఈలు కలిస్తే ఏ; ఉ, ఊలు కలిస్తే ఓ. ‘ఏమిస్తున్నావు, ఏం కావాలి’ అని రెండూ అడిగాకే ముక్క ఇవ్వాలి, చీటీతో సరిపోకపోతే వెనక్కి పంపాలి. ఒక్క పీరియడులో ఇరవై సార్లకు పైగా ఆ మాటలు చెవిన పడతాయి, తనూ పలుకుతుంది. ఋ కలిస్తే అర్ అన్నది ఈ మూడూ నిలిచాక, ‘మహర్షి’తో మొదలుపెట్టవచ్చు.

పిల్లలు తడబడేది ఎక్కువగా సూత్రం దగ్గర కాదు, గుణింతం దగ్గర. ‘రు’ ఒకే అక్షరంగా కనిపిస్తుంది కాబట్టి అందులో ఉ ఉందని కళ్లకు తోచదు. అందుకే కార్డులకు ముందు ఒక పీరియడంతా ఉత్త విడగొట్టడానికే కేటాయించండి: రు = ర్ + ఉ, లో = ల్ + ఓ, మ = మ్ + అ. చివరిది చాలా మందికి కొత్తగా ఉంటుంది. తలకట్టులో అ ఉందని తెలియని పిల్లకు సవర్ణదీర్ఘం ఎన్నటికీ అందదు. ఈ పీరియడు దండగ అనిపించినా మానకండి.

నాలుగో పీరియడులో పని తిరగేయండి. సంధి పదాలిచ్చి విడదీయమనండి: పరోపకారం, హిమాలయం, నాకేమి, మీయిల్లు, అన్నదమ్ములు. ‘పరో + పకారం’ అని తప్పక వస్తుంది. ఊపిరి ఆగిన చోట విరిచేస్తారు. రెండు ముక్కలకూ విడివిడిగా అర్థం ఉందా అని జట్టులో ఒకరు అడగాలన్నది నియమంగా పెట్టండి. ‘పకారం’ అక్కడే పట్టుబడుతుంది. ‘హిమా + లయం’ మాత్రం పట్టుబడదు, ఎందుకంటే లయం అనే మాట ఉంది. అప్పుడు రెండో ప్రశ్న: విడదీసిన అర్థాలు కలిపితే మొదటి మాట అర్థం వస్తోందా? మంచుకు ఇల్లు అన్న అర్థం ఆలయంతోనే వస్తుంది.

మా + అమ్మ చెప్పగానే ఎవరో ఒకరు ‘మావూరు’ అంటారు. తప్పు అనకండి. మాట్లాడే తెలుగులో ఉ, ఊ, ఒ, ఓల ముందు వకారం రావడం సహజం. పుస్తకం యకారం చెబుతుంది. రెండూ బోర్డు మీద రాసి, పరీక్షలో ఏది రాయాలో చెప్పండి. అన్నదమ్ముల్లో త ద అయింది, మరి అక్కచెల్లెళ్లలో చ ఎందుకు మారలేదని అడిగే పిల్ల ఉంటే ఆ రోజు మీ తరగతి బాగా నడిచినట్టే. వాడుక అన్ని చోట్లా సూత్రాన్ని పట్టుకుని నడవదని చెప్పి, ఆ మాటను నోటుబుక్కు చివరి పేజీలో ‘మారని మాటలు’ కింద రాయించండి. ఏడాదిలో ఆ జాబితా పెరుగుతుంది.

విభక్తులకు నటన

డుమువులు ప్రథమా విభక్తి అని వల్లె వేయించడం కంటే ఒక్క వాక్యం మేలు: ‘రవి తాత కర్ర ఇచ్చాడు’. దీన్ని ఒక జట్టుకిచ్చి, కి, కు, ను, తో, కోసం చీటీలు కావలసిన చోట పెట్టమనండి. ఎదుటి జట్టు ఆ వాక్యం ఎలా ఉంటే అలాగే నటించాలి. రవి తాతకు కర్రను ఇచ్చాడు. రవికి తాత కర్రను ఇచ్చాడు. రెండింటిలో కర్ర చేతులు మారే దిక్కు వేరు. ఏ చీటీ పెట్టకపోతే రవి వాళ్ల తాత ఎవరికో కర్ర ఇచ్చినట్టు కూడా అర్థం వస్తుంది. షష్ఠి ప్రత్యయం ‘యొక్క’ కనిపించకుండా ఎలా పని చేస్తుందో ఇంతకంటే తేలిగ్గా చూపలేం. నటించే జట్టు అర్థాన్ని ఊహించి సర్దుకుపోకుండా చూడండి. ‘తాతతో కర్రకు’ అని పెడితే అలాగే తికమకగా నటించాలి, అప్పుడే పెట్టినవాళ్లకు తప్పు కనిపిస్తుంది. పావుగంట పని ఇది, ఒక పీరియడు అక్కర్లేదు.

పద్యానికి పొడుగు, పొట్టి ముక్కలు

చార్టు కాగితాన్ని 2 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కోసి, వాటిని 3 సెం.మీ. ముక్కలు, 6 సెం.మీ. ముక్కలు చేయండి. పొట్టిది లఘువు, పొడుగుది గురువు. జట్టుకు 35 పొట్టివి, 20 పొడుగువి. మామూలు సైజు చార్టు ఒక్కటి ఎనిమిది జట్లకు బొటాబొటిగా సరిపోతుంది, రెండు కొంటే నిశ్చింత. గురువుకు ఒక రంగు, లఘువుకు ఒక రంగు పెట్టాలనిపిస్తుంది, వద్దు. రంగు ఉంటే పిల్లలు రంగే చూస్తారు. ఇక్కడ కళ్లకు ఆనవలసింది పొడవు. చార్టు ముక్కలు గాలికి ఎగురుతాయి కాబట్టి ఫ్యాను ఆపండి, లేదా వరండాలో గోడ వారగా కూర్చోబెట్టండి.

పద్యం ఆటవెలది కావాలి, పిల్లలకు నోటికి వచ్చింది కావాలి. వేమన ‘ఉప్పు కప్పురంబు’ రెండు విధాలా సరిపోతుంది. మొదటి పాదంతో కాకుండా మకుటంతో మొదలుపెట్టండి. విశ్వదాభిరామ వినురవేమ అని మెల్లగా చప్పట్లతో పలికిస్తూ, ఒక్కో అక్షరానికి ఒక్కో ముక్క నేల మీద పేర్పించండి. విశ్, వ, దా, భి, రా, మ, వి, ను, ర, వే, మ. నాలుగు పొడుగు, ఏడు పొట్టి. వరస పొడవు కొలిస్తే 45 సెం.మీ. రావాలి.

కొలత సరిపోయినా వరస సరిపోదు. చాలా జట్లకు మొదటిసారి తప్పు వస్తుంది, కారణం ఒక్కటే: ఒత్తున్న అక్షరమే గురువని వాళ్ల నమ్మకం. ‘విశ్వ’లో శ్వకు పొడుగు ముక్క పెట్టి, వికి పొట్టిది పెడతారు. మొత్తం పొడవు అప్పుడూ 45 వస్తుంది, కాబట్టి కొలత ఈ తప్పును పట్టదు. చెవి పట్టాలి. ‘విశ్’ అని ఆగి ‘వ’ అనమనండి. నోరు ఆగింది వి దగ్గర, అందుకే వి గురువు. ఉప్పులో ‘ఉప్’ దగ్గర ఆగుతాం, కప్పురంలో ‘కప్’ దగ్గర ఆగుతాం. ఇది చెవికి అందాకే సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అన్న నియమం చెప్పండి.

తరవాత 15 సెం.మీ. స్కేలు ఇవ్వండి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు లెక్క. సూర్యగణం ఎప్పుడూ మూడు మాత్రలే, అంటే 9 సెం.మీ. మకుటంలో 9 దగ్గర, 18 దగ్గర, 27 దగ్గర, 36 దగ్గర సుద్దతో గీత గీస్తే అయిదు గణాలు విడిపోతాయి. ఆటవెలది రెండు, నాలుగు పాదాలు ఇలాగే అయిదూ సూర్యగణాలు. ఒకటి, మూడు పాదాల్లో మొదటి మూడు సూర్యగణాలు, ఆపై రెండు ఇంద్రగణాలు. ఇంద్రగణం నాలుగు మాత్రలు గానీ అయిదు గానీ, అంటే 12 లేదా 15 సెం.మీ. మొదటి పాదం మొత్తం 57 సెం.మీ. ముందు మూడు గణాలకు 27 పోగా 30 మిగులుతుంది, రెండు గణాలూ 15 చొప్పున అయి తీరాలి. మూడో పాదం 54 సెం.మీ. అక్కడ మిగిలేది 27. పదిహేను ముందా, పన్నెండు ముందా? పదిహేను దగ్గర గీత గీయబోతే అది ‘వే’ ముక్కకు సరిగ్గా నడిమధ్యన పడుతుంది. గురువును మధ్యకు కోయలేం కాబట్టి ‘పురుషులు’ 12, ‘వేరయా’ 15. ఇది పిల్లలే కనిపెట్టాలి, మీరు ముందు చెప్పకండి.

ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. ‘కప్పురంబు’ను కప్పు, రంబు అని విరవడానికి పిల్లలకు మనసొప్పదు, మాట విరగకూడదు అనుకుంటారు. గణం మాటను చూడదు, మాత్రను చూస్తుంది అని అక్కడ చెప్పండి. రెండోది, పొడవు సరిపోయినంత మాత్రాన గణం కాదు. పొట్టి ముక్క ముందు, పొడుగు ముక్క వెనక ఉంటే 9 సెం.మీ. వస్తుంది కానీ అది సూర్యగణం కాదు. సూర్యగణాలు రెండే: మూడు లఘువులు, లేదా గురువు తరవాత లఘువు. ఇంద్రగణాలు ఆరు (గురువును గ, లఘువును ల అనుకుంటే): నల (లలలల), నగ (లలలగ), సల (లలగల), భ (గలల), ర (గలగ), త (గగల). ఈ ఎనిమిదింటి రూపాలనూ అట్ట మీద ముక్కలతోనే అతికించి, ఒక్కో జట్టుకు ఒక్కో అట్ట ఇవ్వండి. గీత గీసిన ప్రతి గణాన్నీ ఆ అట్ట పక్కన పెట్టి చూసుకోవాలి.

యతికి, అంటే పాదంలో నిర్ణీత చోట్ల అక్షరాలకు కుదరాల్సిన మైత్రికి, ఒక చొక్కా గుండీని పాదం మొదటి అక్షరం మీద, ఇంకో గుండీని నాలుగో గణం మొదటి అక్షరం మీద పెట్టించండి. మకుటంలో వి, వి. మూడో పాదంలో పు, పు. రెండో పాదంలో చూ, జా వస్తాయి. హల్లులకు మైత్రి ఉన్నా అచ్చులు కలవవు. ‘చూడ’, ‘జాడ’ అని పలికించి, రెండో అక్షరం డ కలిసిందని చూపండి. అది ప్రాసయతి. మొదటి పాదంలో గుండీ ‘నొ’ మీద పడుతుంది, ఉకూ నొకూ ఏం సంబంధమని అడుగుతారు. సంధి విప్పితే న్ తరవాత ‘ఒక్క’ ఉంది, ఉ–ఒలకు యతి చెల్లుతుంది. అచ్చుల కొట్టు నడిపిన పిల్లలు దీన్ని విప్పగలరు. అందుకే గుండీలను 4, 3, 2, 1 పాదాల వరసలో పెట్టించండి. మొత్తానికి రెండు పీరియడ్లు పడుతుంది, ఒక్కదానిలో ముగించాలని చూస్తే కొలత మిగులుతుంది, పద్యం వినిపించదు. చివరి అయిదు నిమిషాలు పద్యాన్ని రాగంగా చదివించి, ఉప్పూ కర్పూరమూ పక్కపక్కన రెండు ఆకుల్లో పెట్టి చూపించండి. చూడటానికి ఒకేలా ఉన్నాయా లేదా అని వాళ్లనే చెప్పనివ్వండి. కర్పూరం నోట పెట్టుకోనివ్వకండి, వాసనతోనే తేడా తెలుస్తుంది.

అలంకారానికి పొడుపుకథ

ఉపమాలంకారంలో నాలుగు భాగాలుంటాయి: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. పిల్లలు ఈ నాలుగూ రాస్తారు, ఎందుకో తెలియదు. మన పొడుపుకథ చూడండి: ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు.’ కంటిరెప్పలన్న ఉపమేయాన్ని దాచేసి, ఉపమానాన్నీ ధర్మాన్నీ చెప్పింది. పెద్ద తరగతుల్లో దీన్ని రూపకాతిశయోక్తి అని చదువుకుంటారు. మీ పిల్లలకు దాచిన ఉపమ అని చాలు.

గుడ్డ సంచుల్లో ఒక్కో జట్టుకు ఒక్కో వస్తువు ఇవ్వండి: ఉల్లిపాయ, తాళంచెవి, దువ్వెన, చీపురు, గొడుగు, సుద్దముక్క, కొబ్బరికాయ, గంట. నాలుగు చీటీల మీద నాలుగు భాగాలతో ఒక ఉపమ రాయాలి. తరవాత ఉపమేయం చీటీని బోర్లించి మిగిలినవి చదవాలి. తక్కిన జట్లు వస్తువు చెప్పాలి. ‘అందంగా ఉంటుంది’ అని సమానధర్మం రాసిన జట్టు పొడుపును ఎవరూ విప్పలేరు. ‘పొరలు విప్పినకొద్దీ ఏడిపిస్తుంది’ అని రాసిన జట్టుది మూడు క్షణాల్లో తెలిసిపోతుంది. మొదటిదాన్ని గట్టిపరచమనండి, రెండోదాన్ని కొంచెం దాచమనండి. ధర్మం ఎంత నిక్కచ్చిగా ఉండాలో పిల్లలు ఈ సర్దుబాటులోనే నేర్చుకుంటారు. ముందురోజు ఇంట్లో అమ్మమ్మనో తాతనో అడిగి ఒక్కో పొడుపుకథ తెమ్మనండి. అదే మాట ఊరికొక తీరుగా వస్తుంది, అన్నీ రాయించండి.

గద్యపాఠానికి నాటకం వేయించడం అలవాటు. మాటలన్నీ నలుగురికి పోతాయి, మిగతా 42 మంది ప్రేక్షకులు. దాని బదులు నేల మీద పన్నెండు అడుగుల గీత గీసి, ఒక కొసన ‘చేసింది సరే’, ఇంకో కొసన ‘చేసింది తప్పు’ అని రాయండి. కథలో ఒక సంఘటన దగ్గర ఆపి, ఆ పాత్ర చేసిన పనికి ఒక్కో జట్టు నుంచి ఒకరు గీత మీద తమకు తోచిన చోట నిలబడాలి. నిలబడిన చోటికి ఆధారంగా పాఠంలోంచి ఒక వాక్యం చదవాలి. వాక్యం చూపలేకపోతే వెనక్కి రావాలి. ఇతరుల వాక్యం విన్నాక జరగాలనిపిస్తే జరగవచ్చు, కానీ ఏ మాట విని జరిగారో చెప్పాలి. ఈ కృత్యం దెబ్బతినేది పిల్లలు స్నేహితుల పక్కకు జరగడం దగ్గరే. అందుకే మొదట నోటుబుక్కులో తమ స్థానం అంకె వేసుకున్నాకే లేవనివ్వండి.

గొడవ గురించి మీరు అడగలేదు కానీ పక్క తరగతి నుంచి ఫిర్యాదు వస్తుంది. ముక్కలు పంచడంలోనే సగం గోల పుడుతుంది. జట్టు సంఖ్య ప్రతి ముక్క వెనకా రాసి, పాత కవర్లలో పెట్టి ఉంచితే పంపకం రెండు నిమిషాల్లో అయిపోతుంది, కింద పడిన ముక్క ఎవరిదో తెలుస్తుంది. ఇరవై అయిదో నిమిషానికి ముక్కలు ఆపించండి. మిగిలిన సమయంలో ప్రతి పిల్లా తను చేసిన ఒక్క పదాన్ని ముక్కల వరసలోనే నోటుబుక్కులో రాసి, ఏ ముక్క పోయిందో, ఏది వచ్చిందో ఒక వాక్యంలో చెప్పాలి. ఈ రాత లేకపోతే నేర్చినది బల్ల మీదే మిగిలిపోతుంది, యూనిట్ పరీక్ష కాగితం దాకా రాదు. మార్కులు జట్టుకు వేయకుండా ఈ రాతకు వేయండి.

అన్నీ ఒకే నెలలో మొదలుపెట్టకండి. ఈ వారం తలకట్టులో ఉన్న అ ఒక్కటే చూపించి, కార్డులు కోయించండి. కోసే పని పిల్లలదే. కత్తెరలు జట్టుకు రెండుంటే చాలు.